తలుపుకు ఎంత తీసేయాలి?

సివిల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలు నాకు ఫోన్ చేస్తే ముందుగా అడిగేది ఒకటే. "మేడమ్, క్వాంటిటీ సర్వేయర్లకు వీసా స్పాన్సర్ చేసే కంపెనీల లిస్టు ఉంటే పంపరా?" లిస్టు ఉంది. బ్రిటన్ ప్రభుత్వమే దాన్ని అందరూ చూసేలా పెడుతుంది. అందులో లక్షకు పైగా సంస్థలుంటాయి. పేరు, ఊరు, రేటింగ్, ఏ రకం వీసాకు లైసెన్సు ఉందో తెలుస్తుంది. ఎవరికి మనిషి కావాలో మాత్రం తెలియదు. ఆ లిస్టు పట్టుకుని వందల కంపెనీలకు ఒకే ఈమెయిల్ పంపి, జవాబు రాక డీలాపడిపోయిన వాళ్లను చాలామందిని చూశాను.

మాది ఖమ్మం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర బిల్లింగ్ ఇంజనీర్‌గా మొదలుపెట్టాను. తర్వాత దుబాయ్‌లో టెండర్లకు రేట్లు వేశాను. ఇప్పుడు లీడ్స్‌లో క్వాంటిటీ సర్వేయర్‌ని. మూడు చోట్లా పని ఒకటే. డ్రాయింగ్ చూసి కాంక్రీటు ఎంత, ఇనుము ఎంత, ప్లాస్టరింగ్ ఎంత అని లెక్కగట్టాలి, దానికి రేటు వేయాలి. మారేది కొలిచే పద్ధతి. వీసా వచ్చేదీ రానిదీ సగం అక్కడే తేలిపోతుందని నా నమ్మకం.

ఒక తలుపు సంగతి చూద్దాం. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు, అంటే 2.1 చదరపు మీటర్లు. గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉంది. మన కొలతల ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం అర చదరపు మీటరు దాటి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న ఓపెనింగ్‌కి ఒక వైపే తీసేస్తాం. రెండో వైపు వదిలేసిన కొలత తలుపు చుట్టూ అంచుల పనికి సరిపోతుందని లెక్క. ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాసినవాళ్లకు ఇది కళ్లు మూసుకుని చేసే పని. బ్రిటన్‌లో 2013లో అమల్లోకి వచ్చిన కొలతల నియమావళి ఎన్‌ఆర్‌ఎం2 ప్రకారం అదే తలుపుకు రెండు వైపులా తీయాలి. 300 తలుపులున్న హాస్టల్ భవనంలో ఈ ఒక్క తేడాతోనే 630 చదరపు మీటర్లు ఎక్కువ తక్కువ అవుతాయి. దాన్ని రేటుతో గుణించి చూడండి, టెండరు చేజారడానికి అంత చాలు.

అందుకే ఇంటర్వ్యూలో మావాళ్లు డ్రాయింగ్ ముందుపెట్టి, "ఈ తలుపుకు ఎంత తీస్తావు?" అని అడుగుతారు. "ఇండియాలో ఇలా, ఇక్కడ ఇలా" అని రెండూ చెప్పగలిగినవాడి మీద నమ్మకం కుదురుతుంది. కాలేజీలో బి.ఎన్. దత్తా పుస్తకం చదివి ఉంటే పునాది ఉన్నట్టే. దానిమీద ఎన్‌ఆర్‌ఎం2, జేసీటీ, ఎన్‌ఈసీ కాంట్రాక్టుల సంగతి నేర్చుకోవడానికి కొన్ని నెలలు కేటాయించాలి. ఏజెంటు చేతిలో పోసే డబ్బుతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.

కంపెనీ వెనకాడడానికి కూడా కారణం ఉంది. మనల్ని తీసుకుంటే దానికి ఖర్చు. సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ (సీఓఎస్)కి ఫీజు కట్టాలి. దానిపైన ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జ్ ఉంటుంది. 2025 డిసెంబరు నుంచి పెద్ద సంస్థకు ఇది ఏడాదికి 1,320 పౌండ్లు, అంటే ఐదేళ్ల వీసాకు 6,600 పౌండ్లు. ఈ రెండింటినీ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదన్నది రూలు. వీసా ఫీజు, ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ మామూలుగా మనవి. కొన్ని కంపెనీలు అవీ భరిస్తాయి. ఇంత ఖర్చు పెట్టాలంటే, ఇక్కడ దొరికే మనిషి కంటే మనం ఏ పనిలో అక్కరకొస్తామో వాళ్లకు కనబడాలి. "ప్రాజెక్టుల ఎస్టిమేషన్, బిల్లింగ్ బాధ్యతలు చూశాను" అని సీవీలో రాస్తే అది కనబడదు. ఎన్ని కోట్ల పని, టెండరు దశలోనా, ఫైనల్ అకౌంట్ దాకానా, ఏ పద్ధతిలో కొలిచారు, ఫిడిక్ కాంట్రాక్టా మరొకటా, కాస్ట్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ వాడారా, క్యాండీయా అన్నవి రాయండి. సొంతంగా ఒక చిన్న బడి భవనానికి టేకాఫ్ చేసి బీఓక్యూ (పరిమాణాల పట్టిక) తయారుచేసి జతచేస్తే మరీ మంచిది.

మా పిన్ని కొడుకు మిర్యాలగూడలో ఉంటాడు. పోయినేడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, యూకే ఎస్టిమేటర్ ఉద్యోగం. పద్నాలుగు లక్షలు కడితే సీఓఎస్ ఇప్పిస్తామంటున్నారు. నాన్న పొలం పత్రాలు బ్యాంకులో పెడదామంటున్నాడు." ఆఫర్ లెటర్ పంపమన్నాను. కంపెనీ పేరు స్పాన్సర్ల లిస్టులో ఉంది, రేటింగూ బాగానే ఉంది. వాడి ధైర్యమంతా అదే. కంపెనీస్ హౌస్ రికార్డు తీసి చూశాను. బ్రిటన్‌లో ఏ కంపెనీ ఏ వ్యాపారం చేస్తోందో, లెక్కలు ఎప్పుడు దాఖలు చేసిందో అక్కడ ఎవరైనా పైసా కట్టకుండా చూడొచ్చు. ఆ కంపెనీ చేసేది తిండి పార్శిళ్ల వ్యాపారం. ఒక్క భవనం కట్టిన దాఖలా లేదు. "ఒరేయ్, బిర్యానీ కొట్టుకి ఎస్టిమేటర్ ఎందుకురా?" అంటే చాలాసేపు మాట్లాడలేదు వాడు. వీసా ఇచ్చేది నిజమైన ఖాళీకే. అలా కొనుక్కుని వచ్చినా, రేపు ఆ లైసెన్సు రద్దయితే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది 60 రోజులు. పొలం మాత్రం బ్యాంకులోనే ఉంటుంది. మన ఊళ్లలో ఈ మోసం ఇళ్లకు ఇళ్లనే ముంచుతోంది. నాకు కడుపు రగిలిపోతుంది.

నిజమైన ఆఫర్‌లో కూడా ముందు చూడాల్సింది ఉద్యోగం కోడ్. క్వాంటిటీ సర్వేయర్‌కి 2453. ఎస్టిమేటర్లు, వాల్యుయర్లు వేరే కోడ్ కింద, 3541లో ఉంటారు. 2025 జులై 22 నుంచి ఈ స్పాన్సర్‌షిప్ వీసా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే. 2453 ఆ స్థాయిలో ఉంది, 3541 దానికి కింద ఉంది. కింది స్థాయి కోడ్‌లకు తాత్కాలిక కొరత జాబితా లాంటి మినహాయింపుల్లో ఉంటేనే దారి. ఆ దారిలో కొత్తగా వచ్చేవాళ్లు భార్యనో భర్తనో పిల్లల్నో తెచ్చుకోలేరు. అలాగని పేరు మార్చి రాయించుకుంటే కుదరదు. చేసే పని కోడ్‌కు తగ్గట్టు ఉండాలి. కాంట్రాక్టు వ్యవహారాలు, వాల్యుయేషన్లు, ఫైనల్ అకౌంట్లు చూసే ఉద్యోగం అయితేనే 2453.

జీతం ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు ఉండాలి, లేదా ఆ కోడ్‌కి ప్రభుత్వం కట్టిన రేటు ఉండాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 26 ఏళ్లు నిండనివాళ్లకు, బ్రిటన్‌లోనే చదివి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు, చార్టర్డ్ హోదా కోసం కృషి చేస్తున్నవాళ్లకు కొంత సడలింపు ఉంది, కనీసం 33,400. ఆ చార్టర్డ్ హోదా ఇచ్చే ఆర్‌ఐసీఎస్ 1868లో పుట్టిన సంస్థ. దాని పరీక్షకు ఇండియాలో పనిచేస్తూనే సిద్ధం కావచ్చు. 2026 జనవరి 8 నుంచి ఇంగ్లీషు కూడా బీ2 స్థాయిలో ఉండాలి.

నేరుగా బ్రిటనే ఎందుకు అనేవాళ్లకు నా సలహా వేరు. ఆర్కాడిస్, ఏకామ్ లాంటి సంస్థలకు బెంగళూరులో పెద్ద ఆఫీసులున్నాయి. విదేశీ ప్రాజెక్టుల లెక్కలు అక్కడ కూర్చునే చేస్తారు. అక్కడ రెండు మూడేళ్లు పనిచేస్తే ఆ పద్ధతులు వాటంతటవే చేతికొస్తాయి. లేదా గల్ఫ్. అక్కడా స్పాన్సర్ యజమానే. దుబాయ్‌లో నియామకం ఖర్చు ఉద్యోగి నెత్తిన వేయకూడదని 2021 కార్మిక చట్టం చెబుతోంది. ఇండియాలో ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరై ఉండాలి. తీసుకోగలిగిన సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. డిగ్రీ సర్టిఫికెట్‌కి రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు ఎంబసీ ముద్రలు వేయించడానికి వారాలు పడుతుంది. ఆఫర్ వచ్చేదాకా ఆగకుండా ముందే మొదలుపెట్టండి.

మా తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. పొలం పత్రాలు ఇంట్లోనే ఉన్నాయి. మొన్న ఒక బ్రిటన్ కంపెనీ ఇంటర్వ్యూకి పిలిస్తే, ఏం అడగాలక్కా అన్నాడు. ఏ కోడ్ కింద తీసుకుంటారో అడగమన్నాను. కంపెనీ చేతిలో ఏ పనులున్నాయో, అవి ఎప్పటిదాకా నడుస్తాయో కూడా అడగమన్నాను. వీసా ఆ యజమానికి ముడిపడి ఉంటుంది. కంపెనీ మారాలంటే కొత్త సర్టిఫికెట్, కొత్త దరఖాస్తు. బ్రిటన్‌లో స్థిరపడడానికి ఐదేళ్లకు బదులు పదేళ్లు ఉండాలన్న ప్రతిపాదన 2025 మే నాటి శ్వేతపత్రంలో వచ్చింది. అంతకాలం మనల్ని నిలబెట్టగల కంపెనీయా కాదా అన్నది ఆఫర్ మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.