పెద్ద డయోడు వేసినా ఎందుకు పోతుంది?

పెనుకొండ నుంచి ఒక తమ్ముడు తాను కట్టుకున్న వాల్వు ఆంప్లిఫయరును గోనెసంచిలో చుట్టి, బస్సులో హిందూపురం మోసుకొచ్చాడు. పాత మైకుసెట్టు ట్రాన్స్‌ఫార్మరు, రెండు 6ఎల్6 వాల్వులు, మిగతాదంతా బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఏరుకొచ్చిన సామాను. "మూడుసార్లు డయోడ్లు మార్చినాన్నా. ఈసారి లావువి ఏసినా. అయినా ఫ్యూజు పోతాంది" అన్నాడు.

లావువి అంటే 5408లు. అంతకుముందు వేసినవి 4007లు. వీటి సత్తా 1 ఆంపియరు, వాటిది 3. ఈ ఆంప్లిఫయరు తాగే హైటెన్షన్ కరెంటు అర ఆంపియరు కూడా ఉండదు. చూడాల్సిన అంకె వేరే ఉంది. వెనక్కి తోసే వోల్టేజీని తట్టుకోవడంలో రెండు రకాలకూ హద్దు 1000 వోల్టులే.

బావిలో మోటారు ఆపితే పైపులో నిలిచిన నీళ్ల బరువంతా ఫుట్‌వాల్వు మీద పడుతుంది. పైపు పొడుగయ్యేకొద్దీ బరువు పెరుగుతుంది. డయోడుదీ అదే అవస్థ, పైగా దానికి రెండువైపులా పోటు. మన ట్రాన్స్‌ఫార్మరు 350-0-350. 350కి శిఖరం 495 వోల్టులు. కెపాసిటరు ఆ 495 దాకా నిండి ఒకవైపు నెడుతుంటే, అదే క్షణంలో వైండింగు రెండో చివర మైనస్ 495కి దిగి లాగుతుంది. మొత్తం 990. ఇక మిగిలింది పది వోల్టులు! మరమగ్గాలు ఆగి లోడు తగ్గిన రాత్రి, 230 కాస్తా ఆరు శాతం లేచి 244 అయితే చాలు, లెక్క 1050కి చేరుతుంది.

మరి ఇదే ట్రాన్స్‌ఫార్మరు మైకుసెట్టులో ఇన్నేళ్లు ఎలా నడిచింది? అందులో ఉన్నది 5యు4 రెక్టిఫయరు వాల్వు. అది 1550 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. పైగా దాని ఫిలమెంటు వేడెక్కితే తప్ప హైటెన్షన్ పుట్టదు. సిలికానుకు ఆ నిదానం లేదు. స్విచ్చి వేయగానే కెపాసిటర్లు నిండిపోతాయి. 6ఎల్6లు అప్పటికింకా చల్లగానే ఉంటాయి, కరెంటు తాగవు. లోడు లేని ట్రాన్స్‌ఫార్మరు రాసిపెట్టినదానికన్నా ఎక్కువే ఇస్తుంది. అంటే డయోడుకు గండం పాట మొదలవకముందే.

మూత తీసే ముందు ప్లగ్గు పీకాం. అంతటితో భయం తీరదు, కెపాసిటరులో ప్రాణం తీసేంత వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవరుతో టప్పుమనిపించే అలవాటు నాకు నచ్చదు. 10 కిలో ఓముల 10 వాట్ల రెసిస్టరును మంచి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి, మీటరు సున్నాకు దిగేదాకా ఆగాం.

మీటరును డయోడు రేంజిలో పెడితే మొదటి డయోడు ఎటు పట్టినా బీప్‌మంది. రెండోదీ చచ్చినట్టే కనిపించింది. నిజానికి రెండోదాన్ని చూస్తున్న మీటరు, వైండింగు గుండా మొదటిదాని షార్టును చూస్తోంది. ఒక కాలు టంకం విప్పి ఎత్తితే, ఒకవైపు 0.56, రెండోవైపు ఏమీ లేదు. బాగుందన్నమాటే, కానీ మీటరు పరీక్షించేది రెండు మూడు వోల్టులతో. వెయ్యి దగ్గర కారే డయోడు దానికి దొరకదు. అందుకే జత మొత్తం మార్చాం. షార్టయిన డయోడు గుండా ఏసీ పారి మొదటి కెపాసిటరు పైభాగం ఉబ్బింది. అది 450 వోల్టులది, 495 ముందు ఎలాగూ చిన్నదే. దాని చోట 350 వోల్టులవి రెండు సిరీస్‌లో వేసి, ఒక్కోదాని మీద సమానమైన రెసిస్టరు పెట్టాం.

డయోడ్ల విషయంలో మందు చవకే. వైండింగు ఒక్కో చివరకు రెండేసి 4007లు వరుసగా కలిపితే హద్దు 2000 అవుతుంది. నాలుగూ ఒకే స్ట్రిప్పులోంచి తీసినవైతే మేలు.

నేరుగా కరెంటు ఇవ్వకుండా ముందు బల్బు గుండా ఇచ్చి చూసే సిరీస్ బోర్డుకు 60 వాట్ల పాత బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ధర్మవరంలో చుట్టాలింట్లో స్టోరు గదిలో వేలాడుతున్నది తెప్పించాం. స్విచ్చి వేస్తే బల్బు భగ్గుమని మసకబారింది. షార్టు లేదు. బల్బు తీసి నేరుగా పెడితే మీటరు 510 దాకా ఎక్కింది, ఇరవై సెకన్లకు వాల్వులు ఎర్రబడేకొద్దీ 440కి దిగి నిలిచింది.