కడుపు సంగతి

మన కార్యాలయములలో పనిచేయువారు ఆకస్మికముగా రాలేకపోయిన దినమున పంపెడి సెలవు చీటీలను ఒకచోట చేర్చి చదివినచో ఒక వింత కనబడును. ఎక్కడ చూచినను జ్వరమే. అక్కడక్కడ తలనొప్పి, ఎక్కడనో ఒక బంధువుల పెండ్లి. విరేచనములగుచున్నవని నిజము వ్రాసినవాడు మాత్రము అరుదు. రాత్రి విందులో కుడిచిన గుత్తివంకాయకూర తెల్లవారుజామున తిరుగబడి, ఇంటాయనను ఏడు మార్లు పెరటిలోనికి పరుగెత్తించినదని పై అధికారికి ఎట్లు వ్రాయుట? జ్వరము మర్యాద కలిగిన వ్యాధి. దానికి నుదుట చేయి వేసి చూచువారుందురు. రొట్టెయు పాలును తెచ్చి పెట్టువారుందురు. కడుపు జబ్బుకు నవ్వువారే గాని అయ్యో యనువారు లేరు. అందుచేత రోగి అబద్ధమాడును, లేదా మాటాడక బల్లయొద్ద కూర్చుండి చెమటలు కార్చుచు గడియారము వంక చూచుచుండును.

ఈ సిగ్గును ప్రక్కకు నెట్టి ఉన్నదున్నట్లు వ్రాసిన మహానుభావుడొకడు వంగదేశమున ఉండెను. ఆయన పేరు ఒఖిల్ చంద్ర సేన్. 1909లో ఆయన సాహెబ్ గంజ్ రైల్వే కార్యాలయమునకు ఒక ఫిర్యాదు పంపెను. పనసపండు తిని రైలెక్కగా పొట్ట ఉబ్బినదట. అహమ్మద్‌పూర్ స్టేషనులో దిగి బహిర్భూమికి పోయెను. పని ముగియకమునుపే గార్డు ఈల వేసెను. ఒక చేత చెంబు, ఒక చేత ధోవతి పట్టుకొని పరుగెత్తి, ప్లాటుఫారముపై ఆడవారు, మగవారు చూచుచుండగా పడిపోయెను. బండి ఆయనను విడిచి సాగిపోయినది. ప్రయాణికుడు అట్టి అవసరమునకు దిగినప్పుడు గార్డు అయిదు నిమిషములు ఆగరాదా యని ఆయన ప్రశ్న. గార్డుకు పెద్ద జుల్మానా వేయవలెను, లేనిచో పత్రికలకెక్కింతునని ఆయన బెదిరింపు. ఆ లేఖ నేడు ఢిల్లీలోని రైలు మ్యూజియములో ప్రదర్శనకు ఉన్నది. అందలి ఇంగ్లీషు తప్పులను చూచి జనులు విరగబడి నవ్వుచుందురు. క్రింది తరగతుల పెట్టెలలో మరుగుదొడ్లు వచ్చుటకు ఆ లేఖయే కారణమని చెప్పుకొనుటయు కలదు. ఇంగ్లీషు మాట యెట్లున్నను, తన పొట్టను గూర్చి అధికారులకు జంకక వ్రాసిన ఆయన గుండె నిబ్బరమునకు మాత్రము నేను నమస్కరింతును.

అసలు ఈ హఠాత్తు విరేచనము లోపల ఏమి చేయుచున్నదో తెలిసికొన్నచో సగము భయము తీరును. ఒక దినములో మనము పుచ్చుకొను నీరు, ఆహారములోని నీరు కలిసి సుమారు రెండు లీటర్లుండును. లాలాజలము, జఠరరసము, పిత్తరసము, ప్రేవుల గోడలనుండి ఊరెడి రసములు కలిసి మరి ఆరేడు లీటర్లు. ఇంత నీరు ప్రతిదినము ప్రేవులలోనికి దిగి, దాదాపు అంతయు తిరిగి రక్తములోనికి పీల్చబడుచున్నది. మలముతో బయటికి పోవునది సాధారణముగా పావు లీటరునకు లోపే. అనగా మన పొట్టలో ఒక చెరువును, దాని తూమును రాత్రింబవళ్లు కావలి కాయుచున్న నీరుకట్టువాడును ఉన్నారన్నమాట. నిలువ ఉన్న కూరలో పుట్టిన విషమో, కలుషితమైన నీటిలోని సూక్ష్మజీవియో ఆ నీరుకట్టువానిని పడగొట్టినచో తూము తెరచుకొనును. చెడిన ఆహారమందలి విషము కొద్ది గంటలలోనే వాంతులు కలిగించును; నీటిద్వారా వచ్చిన సూక్ష్మజీవులకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఇది చాలసార్లు కొన్ని దినములలో తనంత తానే సర్దుకొనును. ఈలోగా మనిషిని కూలద్రోయునది రోగముకన్న, పోయిన నీరును ఉప్పును తిరిగి చేరకపోవుటయే.

ఈ ఒక్క సంగతి తేలుటకు ఎన్ని ప్రాణములు పోయినవో! కలరా వచ్చిన ఊరిలో దాహమని అలమటించు రోగికి నీళ్లు ఇచ్చినచో మరల అటే పోవునని గ్లాసు దూరముగా పెట్టిన రోజులు మన తాతలెరుగుదురు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే యను వైద్యుడు కలరా క్రిమి విడిచెడి విషమే ప్రేవులలో నీరు ఊరించుచున్నదని నిరూపించెను. మరుసటి సంవత్సరమే రాబర్ట్ క్రేన్ యను శాస్త్రజ్ఞుడు చక్కెరకును ఉప్పుకును ప్రేవుగోడలో ఒకే ద్వారము కలదనియు, ఒకటి రెండవదానిని వెంటబెట్టుకొని లోనికి పోవుననియు వివరించెను. విషము ఒక తలుపు పాడుచేసినను, ఈ రెండవ తలుపు పనిచేయుచునే యుండును. కావున వట్టి నీరు నిలువదు, వట్టి ఉప్పునీరు నిలువదు. చక్కెర తోడైన ఉప్పునీరు నిలుచును. 1968లో ఢాకా నగరములో కలరా రోగులకు దీనిని త్రాగించి చూచి ఫలించినదని తేల్చిరి.

అయినను పెద్ద పరీక్ష 1971లో వచ్చినది. తూర్పు పాకిస్తానునుండి లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి వచ్చి, బొన్‌గావ్ శిబిరములో కలరాతో నేలపై పడియుండిరి. నరములకెక్కించు సెలైను సీసాలు నిండుకొన్నవి. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలిచి నీటిలో కలిపించి, డ్రమ్ములలో నింపించి, రోగుల తల్లులకును అన్నదమ్ములకును గ్లాసులిచ్చి త్రాగింపుడని చెప్పెను. నూటికి ముప్పది వరకు పోవుచుండిన ప్రాణములు ఆ పర్యవేక్షణలో నాలుగుకన్న తక్కువకు దిగినవి. సూదిలేదు, నర్సులేదు, ఒక గ్లాసు, ఒక అమ్మ. ఆయన 2022లో కన్నుమూసెను. మరుసటి యేట మన ప్రభుత్వము పద్మవిభూషణ్ ప్రకటించినది. బ్రతికియుండగా ఇచ్చియున్నచో నష్టమేమియు కలిగియుండెడిది కాదు.

నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ప్రతి మందుల దుకాణమునను, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను దొరకును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002నుండి చెప్పుచున్న పాళ్లలో ఒక లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉండును. పొట్లము దొరకనిచోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాకు తలకొట్టి కొలిచి కలుపవచ్చును. కన్నీటికన్న ఉప్పగా ఉండరాదు. మేలు చేయునదిగదా యని పంచదార దట్టించినచో అది ప్రేవులలోనికి నీటిని మరింత లాగును. రంగురంగుల తీపి పానీయములు ఈ జబ్బులో పనికిరాకపోవుటకు ఇదియే హేతువు. అట్టి పానీయములపైన ఓ.ఆర్.ఎస్. అను మాట అచ్చువేసి అమ్ముటపై హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడిన పిమ్మట, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణముల సంస్థ ఆ మాటను నిషేధించినది. పొట్లముపై నున్న పాళ్లు చదివి కొనుట ఇప్పటికిని మంచిది.

లంఘనము పరమౌషధమని మనవారనెడి మాటను నేను కొట్టివేయను. వాంతులగుచుండగా ఆవకాయ అన్నము తినుమని ఎవరును చెప్పరు. కాని లంఘనము అన్నమునకే గాని నీటికి కాదు. ఆకలి వేసినంతనే మెత్తని అన్నము, ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ పుచ్చుకొనవచ్చును. గంజి పోయు ముసలమ్మలకు సిద్ధాంతము తెలియదు గాని, బియ్యపు పిండిపదార్థము కడుపులో గ్లూకోజుగా మారి ఉప్పును వెంట తీసికొనిపోవునను ఫలితము మాత్రము చేతిలోనే ఉండెను. పాలు మాత్రము కొన్నాళ్లు మానుట మేలు. దెబ్బతిన్న ప్రేవు పాలలోని చక్కెరను అరిగించుకొనలేదు. ఇక విరేచనములను టక్కున కట్టివేయు మాత్రల సంగతి. పరీక్షకో, ప్రయాణమునకో పోవలసిన పెద్దవారికి అవి ఒకపూట ఆదుకొనవచ్చును. నెత్తురు పడుచున్నను, జ్వరమున్నను వానిని మ్రింగరాదు. పసివారికి ఈయనే కూడదు. నెత్తురు, గట్టి జ్వరము, మూత్రము తగ్గుట, నాలుక పిడచగట్టుట, తల తిరిగి లేవలేకపోవుట — ఇవి కనబడినచో ఇంటివైద్యము చాలించి డాక్టరువద్దకు పోవలెను. పసిపిల్లలకైనచో ఇంకను ముందుగా.

ఒకనాడు వచ్చి పోవునది ఒక యెత్తు. నెలలో నాలుగు మార్లు, సరిగా ఇంటినుండి బయలుదేరు వేళకు వచ్చునది మరియొక యెత్తు. ఇట్టివారికి పరీక్షలన్నియు బాగుగనే యుండును. ఏమియు లేదు, ఊరక ఆదుర్దాపడుచున్నారని చెప్పి పంపివేయుదురు. ఏమియు లేనివాడు బస్సు దారిలోని ప్రతి హోటలులోను మరుగుదొడ్డి ఏ మూలనున్నదో కంఠతా పట్టునా? వైద్యులు దీనిని ఐ.బి.ఎస్. అందురు. ప్రేవులకు తమదైన నాడీజాలము కలదు. అందులో కోట్లకొలది నాడీకణములున్నవి. అది మెదడుతో ఎడతెగని ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుచుండును. ఒక గట్టి విరేచనముల జబ్బు తగ్గిన పిమ్మట కొందరిలో ఆ నాడులు నెలల తరబడి తొందరపాటు మానవు. దానిపై భయము తోడగును: బస్సులో వచ్చునేమో యను భయమే దానిని రప్పించును. ఇది కల్పన కాదు, నటన కాదు.

ఇట్టివారు కనిపెట్టుకొన్న యుపాయములు కొన్ని మెచ్చదగినవి. కడుపులో ఆహారము పడగానే పెద్దప్రేవు కదలుట ప్రకృతి ధర్మము. ఉదయమున అది మరింత బలముగా నుండును. కావున బయలుదేరుటకు గంటన్నర ముందే లేచి ఫలహారము ముగించి, ఆ కదలికను ఇంటియందే తీర్చుకొనువారు ఉన్నారు. ఏది తిన్ననాడు బాధ కలిగెనో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొని, తమ శత్రువు పాలకాఫీయో, ఉల్లియో పట్టుకొన్నవారు ఉన్నారు. సంచిలో ఒక జత బట్టలుంచుకొన్నంతనే సగము ఆదుర్దా తగ్గినదను గుమాస్తాలు ఉన్నారు. అన్నిటికన్న గొప్ప యుపాయము ప్రక్క బల్లమీది మిత్రునికి ఒక్కరికైనను నిజము చెప్పియుంచుట. నడుమ లేచి పోయినప్పుడు సంజాయిషీ చెప్పనక్కరలేదను ధైర్యము మందువలె పనిచేయును.

కాని ప్రతి దీర్ఘమైన బాధను ఐ.బి.ఎస్. అని తనంత తాను పేరు పెట్టుకొని కూర్చుండరాదు. మనిషి చిక్కిపోవుచున్నను, పాలిపోవుచున్నను, రాత్రి నిద్రనుండి లేపుచున్నను అది వేరు కథ. ఆ కథ మన తెలుగువారి యింటిలోనే జరిగినది. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు ఎనిమిది దినముల వ్యవధిలో స్ప్రూ యను ప్రేవుల వ్యాధికి బలియైరి. తినినది ఒంటబట్టక, రక్తము క్షీణించి మనిషి ఎండిపోవు జబ్బు అది. సుబ్బారావుగారును దానిపాలై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడిరి. పిమ్మట అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. ఆ ఔషధమును, ఆయన పర్యవేక్షణలోని పరిశోధనలనుండియే 1948లో వెలువడిన ఆరియోమైసిన్ జాతికి చెందిన టెట్రాసైక్లినును కలిపి నేడు స్ప్రూకు ఇచ్చుచున్నారు. అన్నదమ్ములను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి ఆయన ఇంత ప్రతీకారము తీర్చుకొనెను.

ఇంత చెప్పిన పిమ్మట ఒక చిక్కు మిగిలియున్నది. విరేచనములకు మందు నీరు త్రాగుట. నీరు త్రాగినవానికి మరుగుదొడ్డి కావలెను. అది లేనిచోట పనిచేయువాడు ఏమి చేయును? నీరు మానివేయును. కూడలిలో నిలుచు పోలీసు, బస్సు నడుపువాడు, బట్టల కొట్టులో పదిగంటలు నిలుచు అమ్మాయి, గొళ్లెము లేని దొడ్డిగల పాఠశాలలోని పంతులమ్మ ఉదయము ఇంట ఒక గ్లాసు త్రాగి సాయంకాలము వరకు పెదవులు తడుపుకొనుచు గడుపుదురు. మంచిరోజున ఇది బాధ మాత్రమే. కడుపు చెడిన రోజున ప్రాణముమీదికి తెచ్చును. కర్మాగారములలో పనివారికి ఏ వేళనైనను అందుబాటులో నుండునట్లు, ఆడవారికి వేరుగను మగవారికి వేరుగను దొడ్లు కట్టవలెనని 1948 నాటి చట్టమే చెప్పినది. అంగళ్లును, రోడ్లును అట్టి భాగ్యమునకు చాలకాలము నోచుకొనలేదు. దొడ్డి కట్టినచోట తాళము వేసి తాళపుచెవి పెద్ద గుమాస్తా జేబులో నుంచుట మరియొక అందము.

ఒఖిల్ సేన్ వంటి ప్రయాణికులకు పెట్టెలలో మరుగుదొడ్లు వచ్చినవి గాని, ముందు ఇంజనులో కూర్చుండి బండిని లాగెడి డ్రైవరుకు రాలేదు. గంటల తరబడి సాగెడి పరుగులో ఏ స్టేషనులోనో సిగ్నలు పడినప్పుడు దిగి పరుగెత్తుటయే ఆయన గతి. మన దేశములో ఇంజనులోపల మరుగుదొడ్డి అమర్చుట 2016లో మొదలైనది.