నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

గ్రూప్ ఫొటో దిగేటప్పుడు పెదాలు బిగబట్టేవాళ్లు, నవ్వొస్తే చున్నీ అంచో అరచెయ్యో నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు ఏ కాలేజీలోనైనా ఉంటారు. మార్కాపురం, పొదిలి, కనిగిరి వైపు మాత్రం ఆ చెయ్యి వెనక తరచూ బోరు నీళ్లుంటాయి. పై వరస ముందు పళ్ల మీద అడ్డంగా పసుపు, గోధుమరంగు చారలు. బ్రష్ అరిగినా అవి పోవు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఈ ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, గత్యంతరం లేకపోతే 1.5 వరకు పరవాలేదని మన ప్రమాణాలు చెబుతాయి. పంటి పైపొర చిగురు లోపల తయారయ్యే వయసులో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగితే గార పడుతుంది. పెద్దయ్యాక తాగితే పళ్లకు ఇది రాదు. అంటే పద్దెనిమిదేళ్ల పిల్ల సిగ్గుపడుతున్నది తన శుభ్రత గురించి కానే కాదు, చిన్నప్పుడు తన ఊరిచ్చిన నీళ్ల గురించి.

ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే అసలు చిక్కు. కారణం తెలియని మచ్చను మనసు తన తప్పుగా రాసుకుంటుంది. 'నేను నవ్వితే చూశారా? సెమినార్‌లో మాట్లాడితే ఏమనుకుంటారు? పెళ్లిచూపుల్లో?' అని అదే ప్రశ్న రాత్రంతా తిరుగుతుంది. దీన్ని నెమరువేత అనొచ్చు గానీ, ఒంగోలు ఎద్దు నెమరేస్తే మేత అరుగుతుంది. ఇందులో ఏదీ అరగదు. ఇలాంటి ఆలోచన దిగులును పొడిగిస్తుందని, సమస్యకు దారి వెతికే శక్తిని తగ్గిస్తుందని అమెరికా మనస్తత్వవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది.

'మా రోజుల్లోనూ గారపళ్లుండేవి, మేమిలా కుమిలిపోయామా? అంతా సెల్‌ఫోన్ పుణ్యం' అంటారు పెద్దలు. కొంత నిజమే, సెల్ఫీ మొహాన్ని జానెడు దూరానికి తెచ్చింది. కానీ అప్పుడు ఊరంతా అవే నీళ్లు తాగింది, ఊరందరివీ అవే పళ్లు. గిద్దలూరు కాలేజీకో ఒంగోలు హాస్టల్‌కో వచ్చి, వేరే నీళ్లు తాగి పెరిగినవాళ్ల పక్కన కూర్చున్నప్పుడే పోలిక మొదలవుతుంది. 'గార కళ్లెదుటే ఉంటే ఆలోచనది తప్పెలా?' అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. గార నిజమే, దాని చుట్టూ అల్లుకున్న కథే నిజం కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం, వేసుకుంటే నామోషీ అనిపించే టీషర్టుతో విద్యార్థులను ఒక గదిలోకి పంపింది. అక్కడున్నవాళ్లలో సగం మంది గమనించి ఉంటారని వాళ్లనుకున్నారు. గమనించింది నాలుగోవంతు మందే.

'దాని గురించి ఆలోచించకు' అన్న సలహా మాత్రం దండగ. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దన్న విద్యార్థులకు అదే పదేపదే గుర్తొచ్చింది. అంతకన్నా 'ఇది ఫ్లోరైడ్' అన్న ఒక్క మాట మేలు. ఫస్టియర్‌లోనే ఏ కెమిస్ట్రీ మాస్టారో చెప్పొచ్చు, తరగతి నీళ్ల సీసాలనే పరీక్షించి చూపించొచ్చు. పలుచని గారను దంతవైద్యులు పైపొర సున్నితంగా అరగదీసి తగ్గిస్తారు, ముదురు గారకు పూత వేస్తారు. స్తోమత ఉంటే చేయించుకోవడంలో తప్పేం లేదు. నిద్ర, తిండి, క్లాసులు దెబ్బతినేదాకా వస్తే మాత్రం అది పళ్ల డాక్టరు పని కాదు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.