మూసారాం పటాలం

మహదేవపురలో మన సంఘం వాళ్లు నలుగురు కలిసినచోట "మీదెక్కడండీ?" అని అడిగితే ఎవరో ఒకరు హైదరాబాదులో మూసారాంబాగ్ అంటారు. రాముడి పేరులా వినబడుతుంది గానీ, అది ఒక ఫ్రెంచి సైనికుడి పేరు. మొస్యే రేమండ్ కాస్తా హిందువుల నోట మూసారాం, ముస్లింల నోట మూసా రహీం అయ్యాడు. అతను నిలబెట్టిన పటాలం 12 ఏళ్లే బతికింది. ఆ తర్వాత దాని సిపాయిలు చాలామంది నడిచి వచ్చింది మనముంటున్న ఈ మైసూరు సీమకే.

1755లో పుట్టిన రేమండ్ 1775లో పుదుచ్చేరి చేరాడు. మైసూరులో హైదర్ అలీ వైపు పోరాడిన ఫ్రెంచి దళంలో పనిచేసి, 1786లో నిజాం అలీఖాన్ కొలువుకు వచ్చాడు. 300 మందితో మొదలైన కాల్బలం పదివేలు దాటింది. ఇప్పటి గన్‌ఫౌండ్రీ అతను ఫిరంగులు పోత పోయించిన చోటే. ఆ పటాలానిది మూడు రంగుల ఫ్రెంచి జెండా; కోటు గుండీల మీద విప్లవకారుల స్వేచ్ఛా టోపీ. రాజు తల తీసిన దేశపు గుర్తు నిజాం సిపాయి ఛాతీ మీద మెరిసింది. ఆ రోజుల్లో ఉత్తరాదిన ఇలా కవాతు నేర్చిన సిపాయిని 'తిలంగా' అనేవారు. ఆ మాట మన తెలుగు నేల పేరు నుంచి పుట్టిందే.

1795 మార్చిలో ఖర్డా దగ్గర నిజాం మరాఠాల చేతిలో ఓడాడు. ఇంగ్లీషువాళ్లు చేయందించలేదన్న కోపంతో వాళ్ల పటాలాలను పంపేశాడు. కొన్ని నెలలకే పెద్దకొడుకు అలీ జా తండ్రి మీద తిరగబడి బీదరు వైపు వెళ్లాడు. తండ్రీకొడుకుల యుద్ధంలో నిజాంను ఆదుకున్నది రేమండ్ కాల్బలం. పట్టుబడిన కొడుకును హైదరాబాదుకు తెస్తుండగా దారిలోనే విషం మింగి చనిపోయాడు. ఈ కథలో నన్ను కలచివేసేది ఆ చావే.

1798 మార్చి 25న రేమండ్ కన్నుమూశాడు. సెప్టెంబరు 1న ఇంగ్లీషువాళ్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయాలి. అక్టోబరులో జీతాల బాకీ మీద సిపాయిలే తిరగబడి, తమ ఫ్రెంచి అధికారులను నిర్బంధించారు. నచ్చజెప్పబోయిన ఇంగ్లీషు అధికారి జాన్ మాల్కంను గుంపు చుట్టుముట్టింది. ఒకప్పుడు అతని కంపెనీ పటాలంలో పనిచేసిన సిపాయిలు గుర్తుపట్టి బయటికి లాక్కొచ్చారు. 22వ తేదీన ఇంగ్లీషు ఫిరంగులు చుట్టూ మోహరించాయి. బాకీ ఇస్తాం, మళ్లీ కొలువిస్తాం అన్న మాట మీద వేలమంది తుపాకులు కింద పెట్టారు. ఒక్క తూటా పేలలేదు.

ఆ మరుసటేడే వాళ్లలో చాలామంది నిజాం సైన్యంలో మాల్కం వెంట మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ మీదికి నడిచారు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడింది. వాళ్లకు కవాతు నేర్పిన దొర ఒకప్పుడు టిప్పు తండ్రి హైదర్ అలీ వైపు పోరాడినవాడే.

ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు మూసారాంబాగ్ మెట్రో స్టేషన్లో దిగి, మలక్‌పేట గుట్ట మీది సమాధి చూసి రండి. ఎత్తైన రాతిస్తంభం మీద చెక్కినవి రెండే అక్షరాలు: జె, ఆర్. ఒకప్పుడు ఏటా మార్చి 25న అక్కడ ఊదువత్తులు వెలిగించి జాతర చేసేవారు.