ఫోనులో బతుకుతున్న బీబీసీ మైక్రో

1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టి దేశంలో దాదాపు 250 బడులకు కంప్యూటర్లు పంపింది. వచ్చినవి బీబీసీ మైక్రోలు. మీగడ రంగు ప్లాస్టిక్ పెట్టె, దానిలోనే కీబోర్డు, నల్లటి మీటలకు పైన పది ఎర్రటి మీటల వరుస. హైస్కూల్లోనే కంప్యూటర్‌ను ముట్టుకునే అదృష్టం దక్కిన ఆ తరం పిల్లల్లో ఎందరికో అదే తొలి యంత్రం. ఇవాళ మా గౌరిబిదనూరు దగ్గరి తొండేభావి స్టేషన్లో హిందూపురం రైలు కోసం కూర్చున్న ఎవరైనా ఆ యంత్రాన్ని తమ ఫోనులోనే నడపగలరు. పాత యంత్రాన్ని అనుకరించే జేఎస్‌బీబ్ అనే ఎమ్యులేటర్‌ను బ్రౌజర్లో తెరిస్తే చాలు. నల్లటి తెర మీద అదే పలకరింపు, అదే రెండు స్వరాల బీప్.

మరి అసలు పెట్టెను ఎందుకు దాచుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ పెట్టె పుట్టుక తెలియాలి.

1981లో బీబీసీ టీవీ పాఠాలతో బ్రిటన్ జనానికి కంప్యూటర్ నేర్పాలనుకుంది. అందుకు తగిన యంత్రాన్ని వెతుకుతూ కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ దాకా వచ్చింది. అప్పటికి ఏకార్న్ దగ్గర ఆలోచన ఉంది గానీ నడిచే యంత్రం లేదు. స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్, వారి సహచరులు రాత్రింబవళ్లు కూర్చుని వారం తిరిగేలోగా నమూనా నిలబెట్టారు. ఆ ఏడాది డిసెంబరులో యంత్రం బయటికొచ్చింది. సెకనుకు 20 లక్షల సార్లు కొట్టుకునే 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ. మొత్తం మీద 15 లక్షలకు పైగా అమ్ముడైంది. మన దగ్గర మొహాలీలోని సెమికండక్టర్ కాంప్లెక్స్ అదే నమూనాను ‘యూనికార్న్’ పేరుతో తయారుచేసింది.

నమూనా రోజుల నాటి ముచ్చట ఒకటి నాకు చాలా ఇష్టం. బోర్డు సరిగా పనిచేయడం లేదు. ఒక ఇంజినీరు ఒక చోట చెయ్యి ఆనిస్తే మాత్రం నడుస్తోంది, తీస్తే ఆగిపోతోంది. చివరికి డేటా తీగలకు అడ్డంగా కొన్ని రెసిస్టర్లు వేస్తే చెయ్యి అవసరం తీరింది. ఎందుకు తీరిందో తమకు తెలియదని ఫర్బరే తర్వాత చెప్పారు. లక్షల పెట్టెల్లో ఆ రెసిస్టర్లు అలాగే వెళ్లాయి. ఏ ఎమ్యులేటర్ రాసేవారికీ ఆ రెసిస్టర్లతో పని లేదు. ఎమ్యులేటర్ పట్టించుకునేది యంత్రం చేసిన పనిని, ఆ పని జరిగిన క్షణాన్ని. విద్యుత్తు ఏ దారిన పోయిందన్నది దానికి అక్కర్లేదు.

క్షణం అన్నది ఇక్కడ చిన్న మాట కాదు. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ రాసిన ‘ఎలీట్’ అనే ఆటలో తెర పైభాగం ఒక రకం, కింది భాగం ఇంకో రకం. పైన గీతలు సన్నగా, నలుపు తెలుపుల్లో ఉంటాయి. కింద రంగులుంటాయి గానీ చుక్కలు లావు. తెరంతా ఒకే పద్ధతిలో ఉండేలాగే ఆ యంత్రాన్ని చేశారు. ఆట రాసినవాళ్లు మాత్రం చిత్రం గీస్తుండగా మధ్యలోనే, టైమర్ గంట కొట్టిన క్షణాన, పద్ధతి మార్చేశారు. సెకనుకు 50 సార్లు ఇది జరగాలి. ఒక్కో చిత్రానికి ప్రాసెసర్‌కు దక్కేది దాదాపు 40,000 స్పందనలు. ఎమ్యులేటర్ లెక్క కొంచెం తప్పినా పద్ధతి మారే చోటు పైకో కిందికో జారి తెర చెదిరిపోతుంది. ఒక్కో ఆదేశానికి ఎన్ని స్పందనలు పడతాయో లెక్కగట్టి, అసలు యంత్రం మీద పరీక్షా ప్రోగ్రాములు నడిపి, రెండింటినీ పోల్చుకున్నాకే మంచి ఎమ్యులేటర్ తయారవుతుంది. అంటే అసలు పెట్టె లేకుండా నకలు నిజాయితీగా ఉండదు.

ఇంకో విశేషం. మన ఫోన్లలోని ప్రాసెసర్లు దాదాపు అన్నీ ఏఆర్‌ఎం కుటుంబానివే. ఆ ఏఆర్‌ఎం పుట్టింది ఏకార్న్‌లోనే. చిప్ చేతికి రాకముందే సోఫీ విల్సన్ దాని ఆదేశాలను బీబీసీ బేసిక్‌లో రాసి, బీబీసీ మైక్రో మీదే నడిపి చూశారు. 1985 ఏప్రిల్ 26న అసలు చిప్ వచ్చి, పెట్టగానే పనిచేసింది. అంటే ఏఆర్‌ఎం మొదట బతికింది బీబీసీ మైక్రోలో ఎమ్యులేషన్‌గానే. ఇప్పుడు ఆ పిల్ల తల్లిని మోస్తోంది.

ఎమ్యులేటర్లో దొరకనిది ఏమిటంటే నాకు ముందుగా మన అక్షరం గుర్తొస్తుంది. బీబీసీ మైక్రోలో ‘వీడీయూ 23’ అనే ఆదేశంతో ఎవరి అక్షరాన్ని వారు గీసుకోవచ్చు. అడ్డంగా 8 చుక్కలు, నిలువుగా 8 వరుసలు, వరుసకో అంకె. ‘క’, ‘గ’ ఆ గడిలో ఇముడుతాయి. ‘స్త్రీ’ ఇమడదు, కింద ఇంకో గడి అడుగుతుంది. గుండ్రటి తెలుగు అక్షరాలను మెట్లమెట్లుగా గీయక తప్పదు. ఆనాటి గాజు తెర మీద ఎలక్ట్రాన్ పుంజం వేసే చుక్క అంచులు మెత్తగా పక్క చుక్కలో కలిసిపోతాయి గనక, ఆ మెట్లు కాస్త వంపు తిరిగి కనిపిస్తాయి. నేటి తెర మీద అవే చుక్కలు చదరాలు చదరాలుగా నిలబడతాయి. గాజు తెరను అనుకరించే వడపోతలు కొన్ని ఎమ్యులేటర్లలో ఉన్నాయి, మంచివే. అయినా మెట్టు చూసి గీసుకున్న అక్షరం వేరు, మెత్తటి వెలుగులో చూసి గీసుకున్నది వేరు.

అసలు యంత్రం ఎందుకు కావాలో చూపే కథ ఇంకొకటి ఉంది. 1986 నాటికి బ్రిటన్ జనం పది లక్షల మందికి పైగా చేరి తమ ఊళ్ల విశేషాలు, ఫొటోలు పోగుచేశారు. బీబీసీ డోమ్స్‌డే ప్రాజెక్టు పేరుతో వాటిని రెండు లేజర్ డిస్కుల్లో దాచారు. ఆ డిస్కులను చదవాలంటే ప్రత్యేకమైన ఫిలిప్స్ ప్లేయరు, బీబీసీ మాస్టర్ కంప్యూటరు కావాలి. పదిహేనేళ్లు తిరక్కముందే అవి రెండూ కరువయ్యాయి. ఆ ప్రాజెక్టుకు పేరిచ్చిన 1086 నాటి తోలు పుటల డోమ్స్‌డే పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల కామిలియన్ బృందం 2002లో ఎమ్యులేటర్ సాయంతో ఆ డిస్కుల సరుకును మళ్లీ నడిపి చూపింది. ముందుగా డిస్కుల మీదున్నది బయటికి తీయడానికి పనిచేసే పాత ప్లేయరు దొరకబట్టే అది సాధ్యమైంది.

దాచినదాన్ని చదవడానికి యంత్రం మీద ఆధారపడటం మా ప్రాంతానికి కొత్త కాదు. 1965లో బ్రిటన్ సహకారంతో మన అణుశక్తి శాఖ గౌరిబిదనూరు దగ్గర భూకంపమాపకాలను ‘ఎల్’ ఆకారంలో పరిచింది. దూరదేశాల అణుపరీక్షల అదురును పట్టడం దాని పని. తొలినాళ్లలో ఆ అదురంతా మాగ్నెటిక్ టేపుల్లో చేరింది. టేపు ఎంత భద్రంగా ఉన్నా దాన్ని చదివే యంత్రం లేకపోతే వట్టి చుట్టే.

అందుకే నా మాట ఇది: క్లాస్ పథకపు యంత్రాలు ఏ బడి స్టోరు గదిలోనైనా మిగిలి ఉంటే, గుజరీవాడికి వేసేముందు వాటితో ఉన్న ఫ్లాపీలను, క్యాసెట్లను చూడండి. మొదట్లో వచ్చిన పాఠాలు ఎక్కువగా బ్రిటన్ బడుల కోసం చేసినవి, ఇంగ్లిష్‌లోవి. వాటి నకళ్లు ప్రపంచమంతా ఉన్నాయి. మన మేష్టర్లు, మన పిల్లలు సొంతంగా టైపు చేసుకున్న ప్రోగ్రాములకు వేరే నకలు ఉండే అవకాశం తక్కువ. అవి పోతే ఎంత గొప్ప ఎమ్యులేటరూ తెచ్చివ్వలేదు.

పెట్టెను నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. పవర్ సప్లైలోని పాత కాగితపు కెపాసిటర్లు పైపూత పగిలి తేమ పీల్చుకుని ఉంటాయి, కరెంటు తగిలాక పేలి ఘాటు పొగ కక్కవచ్చు. వాటిని మార్చే పని తెలిసినవారికి చిన్నదే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొత్తవి దొరుకుతాయి. క్యాసెట్లయితే కంప్యూటర్ కూడా అక్కర్లేదు. డేటా అంతా 1200, 2400 హెర్ట్జ్ శబ్దాలుగా ఉంటుంది కాబట్టి మామూలు టేప్ రికార్డర్లో వేసి, శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటే దాని నుంచి ప్రోగ్రామును రాబట్టొచ్చు. 5.25 అంగుళాల ఫ్లాపీలు కొంచెం పేచీ పెడతాయి. బీబీసీ మైక్రో వాటిపై రాసిన పద్ధతిని తర్వాతి పీసీల్లో చాలా చదవలేవు. పాత డ్రైవుకు గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు తగిలించి యూఎస్‌బీకి కలిపితే, అది అయస్కాంత గుర్తులను ఉన్నవి ఉన్నట్టు పట్టుకుంటుంది. దాన్ని జేఎస్‌బీబ్ చదివే ఫైలుగా మార్చి అందిస్తే ఏ ఫోనులోనైనా నడుస్తుంది.

ప్రతి బడికీ పనిచేసే పాత యంత్రం అక్కర్లేదు. జిల్లాకు ఒకటి, దాన్ని బాగుచేయగల మనిషి ఒకరు ఉంటే సరిపోతుంది. ఫ్లాపీలకు మాత్రం అంత వ్యవధి లేదు. వాటి అయస్కాంతపు పూత ఏటికేడు రాలుతోంది. కాబట్టి ముందు వాటిని చదివించాలి.