రేణువుపై అధికారం ఎవరిది?

సభలో ఒక సభ్యుడు అనరాని మాట అంటే, దానిని రికార్డుల నుంచి తొలగించవలసిందిగా అధ్యక్షస్థానం ఆదేశిస్తుంది. విలేకరుల గ్యాలరీలో ఏళ్ళ తరబడి కూర్చున్న నాకు ఈ తంతు కొత్త కాదు. కాని, ఒకసారి నమోదైతే తొలగించడానికి వీలులేని వస్తువొకటి సినిమాలో వచ్చిందని ఈ మధ్య ఢిల్లీలో ఒక ఛాయాగ్రాహక మిత్రుడు చెప్పారు. అది బొమ్మలోని రేణువు.

పాత చిత్రాలు చూసినవారికి రేణువు పరిచితమే. ఫిల్ముపై పూసిన వెండి లవణ స్ఫటికాలు వెలుగు సోకి, రసాయనాలలో తడిసి బొమ్మగా మారేవి. రంగుల ఫిల్ములో వెండిని కడిగివేశాక రంగు మబ్బులు మాత్రం మిగిలేవి. ఫ్రేము ఫ్రేముకు రేణువుల అమరిక మారడంతో, కదలని గోడ సైతం తెరపై జీవమున్నట్టు కదలాడేది. మసక వెలుతురుకు పనికివచ్చే ఫిల్ములో స్ఫటికాలు పెద్దవి. రేణువూ మోటుగా ఉండేది. డిజిటల్ కెమెరాలో వెలుగును పట్టే గళ్ళు స్థిరంగా ఉంటాయి. ఆ నునుపు చాలామంది కళ్ళకు ప్లాస్టిక్కులా తోచింది.

అందువల్ల చిత్రీకరణ ముగిశాక కంప్యూటరుపై రేణువును చల్లడం ఆనవాయితీ అయింది. 2021 నాటి 'డ్యూన్' చిత్రాన్నైతే డిజిటల్‌లో తీసి, ఫిల్ముపైకి ఎక్కించి, మళ్ళీ డిజిటల్‌లోకి దించారు. ద్రావిడ ప్రాణాయామమంటే ఇదే! 2022లో మ్యూనిక్‌లోని ఆరీ సంస్థ అలెక్సా 35 కెమెరాతో మరో దారి తెరిచింది. రేణువు ఎంత, బొమ్మకు వాడి ఎంత అన్నది కెమెరాలోనే ముందుగా ఎంచుకోవచ్చు. దానికి 'టెక్స్చర్' అని పేరు. రంగును తరువాత దిద్దుకోవచ్చు గాని, దీనిని వెనక్కి తీసుకోలేరు.

వివాదం ఇక్కడే. మార్చుకోలేని నిర్ణయమంటే డబ్బు పెట్టేవారు జంకడం సహజం. నా మిత్రుని వాదన వేరు. ఫిల్ము రోజులలో నెగటివు ల్యాబు నుంచి వచ్చేదాకా నిర్మాత ఛాయాగ్రాహకుణ్ణి నమ్మవలసిందే. డిజిటల్ వచ్చాక మానిటరు చుట్టూ పదిమంది చేరారు. నిర్ణయాలన్నీ తరువాతికి వాయిదా పడ్డాయి. పోయిన అధికారం కెమెరా వెనుకకు తిరిగివస్తే తప్పేమిటని ఆయన ప్రశ్న.

ఆ రోజులు అంత స్వర్ణయుగమేమీ కావని నేను గుర్తు చేశాను. రంగుల ముడి ఫిల్మును విదేశీ మారకం వెచ్చించి దిగుమతి చేసుకోవలసి వచ్చేది; అనుమతులు ఢిల్లీ చేతిలో ఉండేవి. దొరికిన చుట్టే ఛాయాగ్రాహకుని అభిరుచి! ఊటీలో 1960లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్ము తయారుచేసింది. అదీ మూతపడింది.

అయినా ఈ వాదంలో నేను ఆయన పక్షమే. నాకున్న సందేహం వేరొకటి. క్రమం లేని చుక్కలను కుదించి పంపడం కష్టం గనుక, ఇళ్ళకు చిత్రాలు ప్రసారం చేసే సంస్థలకు రేణువు పెద్ద భారం. ఏవీ1 విధానంలో అసలు రేణువును తుడిచివేసి, దాని లక్షణాలను మాత్రం పంపి, ప్రేక్షకుని యంత్రంలో దానిని పోలినదాన్ని పుట్టించే ఏర్పాటు ఉన్నది. నిర్మాత తొలగించలేనిది దారిలో యంత్రం తొలగిస్తుందన్నమాట.

ఇది చెప్పగా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. థియేటరులో చూసేవారు కొందరైనా ఉంటారు కదా అన్నారు చివరకు. తన కొత్త చిత్రానికి మోటు రేణువునే ఎంచుకున్నారు. నిర్మాత సమ్మతి ఇంకా రావలసి ఉన్నది.