పక్షవాతము పిమ్మట బుద్ధిమాంద్యము – సూదివైద్యము

పక్షవాతము వచ్చిన ఇంట కాలుచేతులు కదలుచున్నవా లేదా అని అందరును చూచెదరు. బుద్ధి సంగతి ఎవరికిని పట్టదు. నెలలు గడచిన పిమ్మట, ఇంటి పద్దులు వ్రాసిన పెద్దాయన చిల్లర ఎంచలేకపోయినపుడు "వయసు మీదపడినది" అని సరిపెట్టుకొందురు. అది వయసు కాదు, మెదడునకు తగిలిన దెబ్బ.

ఆ దెబ్బను కొంతవరకు చూపుటకు మెదడు తరంగములను గీయు ఈ.ఇ.జి. యంత్రము కలదు. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనుష్యుని తరంగములను నమోదు చేసెను. మేలుకొని కన్నులు మూసుకొన్న ఆరోగ్యవంతునిలో సెకనుకు 8 మొదలు 13 వరకు ఆల్ఫా తరంగములుండును. దెబ్బతిన్న పార్శ్వమున అవి తగ్గి, సెకనుకు 4కు లోబడిన డెల్టా తరంగములు పెరుగును.

చైనా వైద్యులు నడినెత్తిన "బైహుయి" అను స్థానమున సూది గ్రుచ్చి, చికిత్సకు ముందు వెనుకల ఈ తరంగములను పోల్చి చూచుచున్నారు. మన సుశ్రుతుడో, ఇంచుమించు ఆ ప్రాంతముననే అధిపతి మర్మమును చెప్పి, అది సద్యఃప్రాణహరమనెను! భయపడనక్కరలేదు, సూది చర్మము క్రింద ఏటవాలుగా పోవునే గాని ఎముకను దాటదు. అయితే ఇట్టి పరిశోధనలు చాలవరకు చిన్నవి. గీతలు మారినంతమాత్రమున జ్ఞాపకము తిరిగివచ్చినదనరాదు. పెద్దాయన చిల్లర ఎంచగలిగెనా అనునదే నాకు గీటురాయి.

ఆసుపత్రి మందులు మానక, వానికి తోడుగా మాత్రమే, శిక్షణ పొందిన వైద్యునిచేత, ప్రతిసారియు క్రొత్త సూదులతో చేయించుకొనవలెను. రక్తమును పలుచబరచు మందులు వాడుచున్నచో ఆ సంగతి ముందుగనే చెప్పవలెను.